విజిల్ పడేదాకా చెయ్యి తుడవకూడదు

ఆస్పత్రి ఎదురు లాడ్జి, మూడో అంతస్తు
ఫిబ్రవరి 10

ఒరేయ్ భూతద్దం,

ఉత్తరమేంటి, బావకి మతి పోయిందా అనుకోకు. మెడకి చిల్లు పెట్టి గొట్టం దూర్చారు, మాట లేదు. ఫోన్లో నువ్వు హలో హలో అని అరుస్తుంటే నేనిక్కడ గాలి వదులుతూ కూర్చోవడం ఎందుకొచ్చిన తంటా? పోనీ అక్షరాలు నొక్కుదామంటే నా వేలు ఆనిన చోటల్లా మూడేసి అక్షరాలు పడుతున్నాయి. ముప్పై ఏళ్లు కూరగాయల మార్కెట్లో వేలం పాడిన నోరు ఇది. మైకు అక్కర్లేదని నాకే మైకని పేరు పెట్టారు. ఇప్పుడు నర్సు రావాలంటే చెంచాతో మంచం ఊచ మీద కొట్టాలి.

అసలు సంగతి చెప్తాను. నాలుక వెనక సగం కోసేశారు. కోసిన చోట తొడ కండ తెచ్చి కుట్టారు. అది విని మీ అక్క, "అయితే ఇక మీదట మీ తొడ మాట్లాడుతుందన్నమాట" అంది. ఏడుస్తూనే అంది. నవ్వబోతే కుట్లు లాగాయి.

పొట్టకి ఇంకో గొట్టం. రోజుకి ఆరుసార్లు మీ అక్క పెద్ద సిరంజితో పాలపొడి నీళ్లు అందులో పోస్తుంది. ఆకలి తీరుతుంది, తిన్నట్టుండదు. మూడు నెలలయ్యాక ఒక పరీక్ష ఉందట. తెల్లమందు తాగిస్తూ ఎక్స్‌రేలో చూస్తారు, దిగేది పొట్టలోకా ఊపిరితిత్తుల్లోకా అని. పొట్టలోకైతే మెల్లగా తిండి మొదలుపెట్టొచ్చు. అటు పోయిందా, ఈ జన్మకి గొట్టమే. ఒక్క గుక్క దారి తప్పినా ఊపిరితిత్తులకి చీము పడుతుందని డాక్టరు నాకూ మీ అక్కకీ కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు.

ఇవాళ శనివారం. పబ్‌లో టీవీలో ఫుట్‌బాల్ మ్యాచ్ మొదలై ఉంటుంది. నువ్వు వెళ్లావా? వెళ్లకపోతే మాత్రం ఊరుకోను. పన్నెండు చికెన్ వింగ్స్ ప్లేటే చెప్పు, నాది సగం కదా అని ఆరు చెప్పావంటే మన పరువు పోతుంది. నా ఆరు కూడా నువ్వే తిను. తిని ఎలా ఉన్నాయో రాయి. బాగున్నాయి అని ఒక్క ముక్క రాశావో, వచ్చి తంతాను.

మైకు బావ

*

కళ్లద్దాల షాపు, మేడ మీద గది
ఫిబ్రవరి 18

బావా,

నీ దగ్గర దాపరికమెందుకు, రెండు శనివారాలు వెళ్లలేదు. నువ్వు లేకుండా ఆ గుమ్మం ఎక్కడానికి కాళ్లు రాలేదు. నీ ఉత్తరం చూశాక నిన్న వెళ్లాను.

మన బల్ల దగ్గర ఎవరో ఇద్దరు కూర్చుని ఉన్నారు. నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను. పబ్బు నడిపే మన రిఫరీ, మ్యాచ్‌లకి విజిల్ ఊదడం ఎప్పుడో మానేసినా ఆవిడకి అలవాటు పోలేదు, జేబులోంచి ఎర్ర కార్డు తీసి వాళ్ల మొహం మీద పెట్టింది. "ఈ బల్ల మైకుది, లేవండి" అంది. పాపం వాళ్లు గ్లాసులు పట్టుకుని లేచారు. తర్వాత నా దగ్గరకొచ్చి నీ సంగతి అడిగింది. చెప్పాను. మెళ్లో విజిల్ పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. తర్వాత తనే వంటింట్లోకి వెళ్లి మన ప్లేటు చెప్పొచ్చింది.

వింగ్స్ వేడివేడిగా వచ్చాయి. తోలు కరకరలాడింది. సాసు ఎర్రగా, పల్చగా, ప్లేటు వంచితే అంచుకు పారేటట్టు ఉంది. వెనిగర్ ముందు ముక్కుకి తగిలింది, కారం తర్వాత పెదాల మూలల దగ్గర మొదలైంది. మూడో ముక్కకి ముక్కు కారడం మొదలు. ఇంకేం రాయమంటావు, నేను లెన్సులు అరగదీసేవాణ్ణి, కథకుణ్ణా?

రూలు తప్పలేదు. మ్యాచ్ ఆఖరి విజిల్ పడేదాకా చెయ్యి తుడవలేదు, దేన్నీ ముట్టలేదు. మా ఓనరు మూడుసార్లు ఫోన్ చేశాడు, బల్ల మీద అది గిలగిల కొట్టుకుంటుంటే చూస్తూ కూర్చున్నాను. ఎప్పుడో మొదటి ఏడాది నేను చెయ్యి తుడుచుకున్న నిమిషంలోనే మన మీద గోలు పడిందని నువ్వు పెట్టిన రూలు, పద్దెనిమిదేళ్లుగా పాటిస్తున్నాం, పద్దెనిమిదేళ్లుగా ఓడుతున్నాం. నిన్న మూడు గోల్స్ తేడాతో.

నీ ఆరూ తినలేకపోయాను బావా. పొట్లం కట్టించి తెచ్చి పొద్దున్నే చల్లగా తిన్నాను. చల్లగా ఏం బాగోలేదు.

నీ భూతద్దం

*

లాడ్జి, మూడో అంతస్తు
మార్చి 24

ఒరేయ్,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పర్లేదు, వెనిగర్ దాకా బాగానే వచ్చావు. కానీ రెండెముకల ముక్క గురించి ఒక్క మాట లేదేంటి? అంటే ఇంకా కుక్కలాగా కొరుకుతున్నావన్నమాట. ఎన్నిసార్లు చూపించాను! కొసలు రెండూ పట్టుకో. సన్న ఎముకని ముందు మెలితిప్పు, అది ఊడొస్తుంది. తర్వాత లావెముక కొస పట్టుకుని ముక్కంతా నోట్లో పెట్టి, పళ్లు మూసి లాగు. ఎముక తెల్లగా బయటికి రావాలి. వేలం చివరి పాట లాంటిది అది, ఒక్కసారే లాగాలి.

ఇక్కడ కరెంటు పెట్టడం, అదే రేడియేషన్, అయిపోయింది. ముప్పై రోజులు మొహానికి ప్లాస్టిక్ ముసుగు బిగించి బల్లకి బోల్టులు వేశారు. నోరంతా పుండు. ఉమ్మి దారంలా సాగుతుంది, బట్టతో తుడుచుకుంటూ కూర్చోవాలి. అద్దంలో చూసుకోవడం మానేశాను.

మీ అక్క కింద లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే పనిలో చేరింది, పొద్దున తొమ్మిది నుంచి అయిదు దాకా. మధ్యలో మెట్లెక్కి వచ్చి పాలు పోసి వెళ్తుంది. ఒక సంగతి నీకు చెప్పాలి, ఇంకెవరికి చెప్పను. ఆవిడ నా ముందు తినదు. డబ్బా తీసుకుని వరండాలోకి వెళ్లి గోడవైపు తిరిగి నిలబడి తింటుంది. చప్పుడు కాకుండా నమలడం నేర్చుకుంది. నిన్న తలుపు సందులోంచి చూశాను. దొంగతనం చేస్తున్నట్టు భుజాలు ముడుచుకుని తింటోంది. ఏం పాపం చేసిందని? నాకు ఒళ్లు మండింది. లోపలికొచ్చాక పలక మీద "నా ముందే తిను" అని రాశాను. "ఆకలి లేదు" అంది. పలక విసిరేశాను. ఏరుకొచ్చి మళ్లీ నా పక్కన పెట్టింది. ఆవిడ అలా మంచిగా ఉంటుంటే నాకు చచ్చిపోవాలనిపిస్తుంది.

పరీక్ష ఏప్రిల్ ఆఖర్లో.

మైకు బావ

*

షాపు మేడ మీద గది
ఏప్రిల్ 9

బావా,

నీ పాఠం ప్రకారం ప్రయత్నించాను. సన్న ఎముక ఊడింది, బాగానే ఉంది. లావెముక లాగానా, అది జారి పక్క బల్ల ఆయన కళ్లద్దం మీద సాసు కొట్టింది. ఎర్రద్దంలోంచి నన్ను చూశాడాయన. నా వృత్తి బుద్ధి పోనిచ్చుకోక, షాపుకి రండి ఊరికే తుడిచిస్తాను అన్నాను. రిఫరీ నాకు పసుపు కార్డు చూపించింది.

గోడ మీద మ్యాచ్‌ల పట్టిక ఉంటుంది చూడు, అందులో ఏప్రిల్ ఆఖరి గడిలో ఆవిడ పెద్దక్షరాలతో రాసింది, "మైకు వర్సెస్ తెల్లమందు" అని. వచ్చినవాళ్లంతా అదేం జట్టని అడుగుతున్నారు. అందరికీ చెప్తోంది. నువ్వు గెలుస్తావని అందరూ అంటున్నారు. నేనూ అంటున్నాను, పైకి. బావా, నిజం చెప్పనా, నాకు భయంగా ఉంది. అమ్మానాన్న పోయాక నన్ను పెంచింది అక్క. అక్క పెళ్లయినప్పుడు నన్నూ వెంటబెట్టుకుపోయింది నువ్వు. "కట్నంగా ఒక దద్దమ్మని తెచ్చుకున్నాను" అని మార్కెట్టంతా చెప్పుకున్నావు. ఆ దద్దమ్మకి నువ్వు తప్ప ఎవరున్నారు?

ఒక ఆదివారం వస్తానని అక్కకి ఫోన్ చేస్తే వద్దని చెప్పించావేంటి? నీ మొహం నేను చూడొద్దంటే ఎలా? నేను రోజంతా గాజు ముక్కలు చూసేవాణ్ణి, నాకేమీ కాదు.

పరీక్ష అవగానే రాయి. ఏదైనా సరే, నాకు చెప్పు.

నీ భూతద్దం

*

లాడ్జి
మే 2

ఒరేయ్ భూతద్దం,

దిగింది. పొట్టలోకే దిగింది. ఎక్స్‌రేలో తెల్లగా గీతలాగా కిందికి పోయింది, డాక్టరు నా భుజం తట్టాడు. ఇక తినొచ్చు.

అందుకని వచ్చే వారం పదకొండో తారీకు శనివారం వస్తున్నాను. పొద్దున తొమ్మిది బస్సుకి. మ్యాచ్ చూసి నాలుగింటికి తిరుగు బస్సెక్కుతాను, అక్క పని నుంచి వచ్చేసరికి గదిలో ఉండాలి. అక్కకి చెప్పకు. ఆవిడ ఇంకో రెండు నెలలు మెత్తగా రుబ్బి పెడతానంటోంది, కారం పేరెత్తితే కళ్లెర్రజేస్తోంది. అసలు ఈ వారం ఆవిడకి ఫోనే చెయ్యకు, నీ నోట్లో నువ్వుగింజ నానదు.

పన్నెండు ముక్కలు. మామూలు కారమే, నాకోసం తగ్గించమని చెప్పకు.

మైకు బావ

*

షాపు మేడ మీద గది
మే 12, ఆదివారం

బావా,

నిన్న నువ్వు బస్సెక్కాక అక్కడే స్టాపులో చాలాసేపు కూర్చున్నాను. నీ ముందు చెప్పలేకపోయాను, నువ్వు వెక్కిరిస్తావని. అందుకే రాస్తున్నాను.

నువ్వు తలుపు తోసుకుని రాగానే పబ్బంతా లేచి నిలబడింది, చూశావా? రిఫరీ విజిల్ ఊదబోయి ఊదలేకపోయింది. సగం బరువు తగ్గిపోయావు, చొక్కా హ్యాంగరుకి వేసినట్టుంది, మెడకి ఆ రుమాలు. నేను గాజు ముక్కలు చూసేవాణ్ణని బడాయిలు పోయాను గానీ, మొదటి నిమిషం నీ మొహం చూడలేక ప్లేటు వంక చూశాను. నన్ను క్షమించు.

కానీ నువ్వు ఆ రెండెముకల ముక్క తీసుకుని మెలి తిప్పావు చూడూ! ఒక్క లాగు. ఎముక తెల్లగా వచ్చింది. నువ్వు కళ్లు మూసుకున్నావు. కంట్లోంచి నీళ్లు. అంత ఇష్టంగా ఎవరైనా తినడం నేను ఈ జన్మలో చూడలేదు. అయిదు తిన్నావు, లెక్కపెట్టాను. ఒక్కోటి మింగడానికి గడ్డం ఛాతీకి ఆనించి, బల్ల పట్టుకుని, ఎంతసేపు పట్టిందో. దగ్గొచ్చి మొహం నల్లబడ్డప్పుడు నేను ప్లేటు లాగేయబోయాను, నువ్వు నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కావు. కారం ఎక్కువైందనుకున్నాను. ఇన్నాళ్ల తర్వాత కదా మరి.

అక్క నాలుగుసార్లు ఫోన్ చేసింది. నేను చూశాను, నువ్వూ చూశావు. చేతులు సాసులో ఉన్నాయి, మన వాళ్లు అప్పటికి ఒక గోలు ముందున్నారు, నువ్వు తల అడ్డంగా ఊపావు. విజిల్ పడ్డాక చేద్దామనుకున్నాను. ఈలోపు నీ బస్సు టైమైంది, మర్చిపోయాను. సాయంత్రం చేస్తే ఎత్తలేదు, కోపమొచ్చి ఉంటుంది. నువ్వే ఎలాగో సర్దిచెప్పు.

మ్యాచ్ గెలిచాం బావా. నువ్వు వచ్చిన రోజే గెలిచారు.

దగ్గు తగ్గిందా? రిఫరీ అడుగుతోంది, వచ్చే శనివారానికి కూడా బల్ల ఉంచాలా అని. ఉంచమన్నాను.

నీ భూతద్దం

*

ఆస్పత్రి, పదకొండో నంబరు మంచం
మే 16

ఒరేయ్,

నర్సమ్మ కాగితం పట్టుకుంటే నేను రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే సర్దుకుని చదువు. ఆదివారం జ్వరం మొదలైంది. ఇప్పుడు ముక్కుకి ఆక్సిజన్. నువ్వు రావద్దు, అక్క గుమ్మంలోనే నిన్ను నమిలేస్తుంది.

పరీక్ష పోయింది. గీత పొట్టవైపు పోలేదు, అటే పోయింది, మొత్తం. నీళ్లు కూడా నోట పోయకూడదు, ఎప్పటికీ, అన్నాడు డాక్టరు. అక్క పక్కనే ఉంది. నీకు అబద్ధం రాశాను. నిజం రాస్తే నువ్వు ప్లేటు పెడతావా? చచ్చినా పెట్టవు. నీ చేత చేయించాను. అదొక్కటే నాకు బాధ.

రుచి ఎలా ఉందని నువ్వు అడగలేదు. ఏమీ లేదు. కరెంటుతో నాలుక మీద అంతా కాలిపోయింది, మంట తెలిసింది, మరేమీ తెలియలేదు. అట్టముక్క నమిలినట్టుంది. కళ్లు మూసుకున్నది ఇష్టంతో కాదు, అది తెలిసి. మొదటి ముక్కకే తెలిసిపోయింది. అయినా మిగతా నాలుగూ తిన్నాను. నువ్వు అంత సంబరంగా చూస్తుంటే ఎలా ఆపను? పైగా ఎవరూ సిరంజి పట్టుకుని మీదికి రాకుండా, నలుగురిలో కూర్చుని, చేతులకి సాసు పూసుకుని ఒక గంట. దానికోసమే వచ్చానేమో. ఇంతకంటే మంచి కారణం నా దగ్గర లేదు.

అక్క అడిగింది, ఎందుకు వెళ్లారని. పలక బోర్లా తిప్పేశాను. ఆవిడ మొహం చూస్తూ రాయలేను. తర్వాత నిన్ను అడుగుతుంది. నేనే వస్తానన్నానని చెప్పు. నీ నెత్తిన వేసుకోకు, అది నీకు బాగా అలవాటు.

బావ

*

లాడ్జి, మూడో అంతస్తు
మే 29

తమ్ముడికి,

బావ పోయిన రోజు నువ్వు వచ్చి గోడ దగ్గర నిలబడ్డావు. చూశాను. చూడనట్టు ఊరుకున్నాను. మాట్లాడితే నలుగురిలో నిన్ను కొట్టేదాన్నేమో.

ఆ శనివారం పన్నెండింటికి పాలు పోద్దామని పైకి వస్తే మంచం ఖాళీ. మంగలి దగ్గరికి వెళ్తున్నానని చీటీ. వీధిలో ఉన్న మూడు మంగలి షాపులూ తిరిగాను. బాత్రూములు చూశాను. అప్పుడు నీకు చేశాను, ఒకటి కాదు, నాలుగుసార్లు. మోగింది, మోగింది. ఎత్తి ఉంటే ఒక్క మాట చెప్పేదాన్ని, నీళ్లు కూడా ఇవ్వకురా అని. సాయంత్రం నీ ఫోన్ వచ్చేసరికి ఆయన గదిలో ఉన్నాడు, ఆయన గోళ్ల సందుల్లో ఎర్రగా ఉంది. నాకంతా అర్థమైపోయింది. ఆ గోళ్లు నేనే కడిగాను.

దాదాపు నాలుగు నెలలు, రోజుకి ఆరుసార్లు. గొట్టం దగ్గర చర్మం ఒరిసిపోతే మందు రాశాను. ఆయన పలక విసిరితే ఏరాను. గొట్టంతోనైనా ఇంకో పదేళ్లు బతుకుతాడని డాక్టరు చెప్పాడు నాకు. పదేళ్లకీ సిద్ధపడ్డాను.

నిన్ను తిట్టడానికి రాయడంలేదు. ఒక్క సంగతి కావాలి. ఆయన రమ్మన్నాడా, నువ్వు పిలిచావా? ఆయన్ని అడిగితే పలక తిప్పేశాడు. ఆయనంతట ఆయనే వచ్చి ఉంటే, నా చేతి మీద బతకడం కంటే అదే నయమనుకున్నాడని కదా అర్థం. నేను చేసిన ప్రతి పనీ ఆయనకి నరకమైందని కదా. రోజంతా దుప్పట్లు ఇస్త్రీ చేస్తూ అదే ఆలోచిస్తున్నాను, రెండు దుప్పట్లు కాల్చేశాను. ఇది నేను మొయ్యలేనురా. నువ్వు పిలిచి ఉంటే, నీ మొహం ఇక జన్మలో చూడను. కానీ ఆయన నన్ను వదిలించుకోవాలనుకోలేదని తెలుస్తుంది.

ఏదో ఒకటి రాయి. నిజం రాయి.

అక్క

*

షాపు మేడ మీద గది
జూన్ 3

అక్కా,

నేనే పిలిచాను.

పరీక్ష పోయిందని బావ నాకు రాశాడు. నీళ్లు కూడా పనికిరావని రాశాడు. నేను నమ్మలేదు. డాక్టర్లు అలాగే భయపెడతారు, ఒక్క ముక్క తింటే ఏమవుతుంది, నువ్వు లేకపోతే నాకేం తోచడంలేదు అని రెండు ఉత్తరాలు రాశాను. ఆయన వద్దనే రాశాడు. మూడోసారి ఏడుస్తూ రాస్తే, సరే మ్యాచ్ చూసి వెళ్లిపోతాను, తినను అన్నాడు. వచ్చాక ప్లేటు పక్కకి తోసేశాడు. నేనే ముక్క తుంపి నోటికి అందించాను. నీకు తెలుసు కదా, నేనడిగితే ఆయన దేనికీ కాదనలేడు.

నీ గురించి ప్రతి ఉత్తరంలోనూ రాశాడు. నువ్వు వచ్చే మెట్ల చప్పుడు కోసం చూసేవాడట. పదేళ్లయినా ఇలాగే గడుపుతాను, మీ అక్క ఉంది కదా అని రాశాడు. నీకు భయపడి చీటీ పెట్టి వచ్చాడు అంతే, నిన్ను వదిలి కాదు.

ఫోన్ నువ్వు చేస్తున్నావని తెలిసే ఎత్తలేదు.

గది ఖాళీ చేసే రోజు చెప్తే రిఫరీని పంపిస్తాను, సామాను దింపడానికి సాయం ఉంటుంది. ఆవిడకేమీ తెలియదు, అడగొద్దు. నేను రాను. ఆయన రాసిన ఉత్తరాలు పంపమని మాత్రం అడగకు అక్కా, ఒక్కటీ నా దగ్గర ఉంచుకోలేదు.

తమ్ముడు